పదిహేడేళ్లప్పుడు గొంతు ఆగిపోయింది. నా దారి మార్చింది నిజంగా అదేనా?

వినికిడి

అందరికీ నమస్కారం. నేను నాటకాలకూ డాక్యుమెంటరీలకూ సౌండ్ డిజైన్ చేస్తుంటాను. ఇప్పుడు ఒక ఫెలోషిప్‌కు దరఖాస్తు పెడుతున్నాను. "ఈ కళలోకి ఎలా వచ్చారు" అని అందులో అరపేజీ రాయమన్నారు. మూడు రోజులుగా ఆ అరపేజీ దగ్గరే ఆగిపోయాను.

జరిగింది ఇదీ. చిన్నప్పటి నుంచి గాత్రం నేర్చుకున్నాను. పాట తప్ప వేరే జీవితం ఉంటుందని అనుకోలేదు. పదిహేడో ఏట స్వరతంత్రుల మీద నోడ్యూల్స్ (చిన్న గడ్డలు) వస్తే ఆపరేషన్ చేశారు. రెండు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నారు. ఆ తర్వాత దాదాపు ఏడాది పాట జోలికి పోలేదు. ఆ ఏడాదిలోనే చుట్టూ వినిపించే చప్పుళ్లు రికార్డు చేయడం మొదలైంది. తలుపు కిర్రుమనడం, వాన వెలిశాక ఆగి ఆగి పడే చుక్కలు, నిద్రపోతున్న మనిషి ఊపిరి. పదకొండేళ్లయింది. ఇప్పుడు అదే నా పని.

ఫారంలో ఇలా రాశాను: "గొంతు ఆగిపోయింది. అప్పుడే నాకు వినడం వచ్చింది." చదవడానికి బాగుంది. కానీ రాసిన దగ్గర్నుంచి ముల్లులా గుచ్చుతోంది. నిజంగా అలాగే జరిగిందా? లేక ఇప్పుడు వెనక్కి తిరిగి చూసి కథ అల్లుకుంటున్నానా? చిన్న వయసులో అనుకోకుండా జరిగిన ఒక సంఘటన కళాకారుల దారినంతా మార్చేస్తుందా? మీకు తెలిసినవాళ్ల సంగతులు గానీ, మీ సొంత అనుభవం గానీ ఉంటే చెప్పండి.

రంగుపెట్టె

మారుస్తుంది. నాకైతే అనుమానం లేదు. నా పేరే అలాంటి ఒక కథలోంచి పెట్టుకున్నాను.

ఫ్రెంచ్ చిత్రకారుడు హెన్రీ మతీస్ 1869లో పుట్టాడు. న్యాయశాస్త్రం చదివి గుమాస్తాగా పనిచేస్తున్నాడు. ఇరవై ఏళ్లప్పుడు అపెండిసైటిస్ వచ్చి మంచం పట్టాడు. కొడుక్కి పొద్దుపోవడం లేదని తల్లి ఒక రంగుల పెట్టె తెచ్చి ఇచ్చింది. అందులో తనకు స్వర్గం లాంటిదేదో దొరికిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. తండ్రి ధాన్యం వ్యాపారి. కొడుకు కోర్టు పని వదిలేసి బొమ్మలు వేస్తానంటే ఆయన బాగా నిరాశపడ్డాడు. ఆ పేగు నొప్పి రాకపోయి ఉంటే ఆయన జీవితం కాగితాల మధ్యే గడిచిపోయేదేమో.

దీనికి రెండో సగం కూడా ఉంది. 1941లో, డెబ్భై దాటాక, ఆయనకు పెద్ద ఆపరేషన్ అయింది. ఆ తర్వాత ఎక్కువ కాలం మంచం మీదా చక్రాల కుర్చీలోనే గడిపాడు. ఈజిల్ (బొమ్మ నిలబెట్టే చట్రం) ముందు నిలబడే ఓపిక లేక, రంగు పూసిన కాగితాలను కత్తెరతో కత్తిరించడం మొదలుపెట్టాడు. ఈరోజు మతీస్ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి ఆ కాగితపు బొమ్మలే. మొదలైందీ మంచం మీదే, ఆఖరి మలుపు తిరిగిందీ మంచం మీదే.

వినికిడి గారూ, మీరు రాసిన వాక్యం నాకు నచ్చింది. ఉంచేయండి.

ఆరో తీగ

గిటార్ వాయించేవాళ్లందరికీ తెలిసిన రెండు కథలున్నాయి. రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి.

మొదటిది జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్‌ది. 1928లో, పద్దెనిమిదేళ్లప్పుడు, ఆయన ఉంటున్న బండికి నిప్పంటుకుంది. ఎడమ చేతి ఉంగరపు వేలూ చిటికెన వేలూ కాలి ముడుచుకుపోయాయి. తీగలు నొక్కే చెయ్యి అదే. తమ్ముడు జోసెఫ్ ఆయనకో కొత్త గిటార్ తెచ్చి ఇచ్చాడు. మిగిలిన రెండు వేళ్లతోనే సోలోలు వాయించడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాడు. రెండు వేళ్లతో గిటార్ మెడ పొడవునా అటూ ఇటూ పరిగెత్తక తప్పదు కాబట్టి, ఆ జారుడూ ఆ వేగమూ ఆయన శైలి అయిపోయాయి. 1934లో ఫ్రాన్స్‌లో మొదలైన ఆయన తీగ వాద్యాల బృందం యూరప్ జాజ్‌కి ఒక కొత్త గొంతు ఇచ్చింది.

రెండోది టోనీ అయామీ కథ. పదిహేడేళ్ల కుర్రాడు, బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. అక్కడ అదే ఆఖరి రోజు. యంత్రం కింద పడి కుడి చేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి తీగలు నొక్కేది ఆ కుడి చెయ్యే. ఇక వాయించలేనని కూర్చుంటే ఫ్యాక్టరీలో పైఅధికారి ఒకాయన రికార్డు తెచ్చి వినిపించాడు. ఆ రికార్డు జాంగోది. రెండు వేళ్లతో వాయిస్తున్నాడని చెప్పాడు. కుర్రాడు ప్లాస్టిక్ సీసా కరిగించి వేలి తొడుగులు చేసుకున్నాడు. తోలు అతికించాడు. సన్న తీగలు వేశాడు. తర్వాత నొప్పి తగ్గేలా శ్రుతి కూడా దించాడు. ఆయన రాక్ బృందం బ్లాక్ సబ్బాత్‌లో వినిపించే ఆ బరువైన, చీకటి లాంటి నాదం సగం అలా వచ్చిందే.

ఇక్కడ దెబ్బ ఊరికే ఒక దారి చూపించి వెళ్లిపోలేదు. ఎలా వాయించాలో కూడా అదే నిర్ణయించింది. చేతికి ఏది కుదురుతుందో అదే సంగీతం అయింది. నేను ఇరవై ఏళ్లుగా వాయిస్తున్నాను, పది వేళ్లూ బాగానే ఉన్నాయి. ఆ రెండు వేళ్ల పరుగు ఈరోజుకీ నా చేతికి రాదు.

వెనకబెంచీ

అందరితోనూ గౌరవంగానే విభేదిస్తున్నాను. వినికిడి గారి మనసులో ముల్లు ఉందన్నారు కదా, ఆ ముల్లును తీసి పారేయొద్దని నా మనవి.

యోసెఫ్ బోయిస్ అనే జర్మన్ కళాకారుడు ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళంలో పనిచేశాడు. 1944 మార్చిలో క్రిమియాలో ఆయన ఉన్న విమానం కూలింది. అప్పటికి ఇరవై రెండేళ్లు. సంచార తాతార్లు తనను మంచులోంచి తీసి, ఒంటికి కొవ్వు రాసి, ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) గుడ్డలో చుట్టి బతికించారని చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. ఆయన శిల్పాల్లో కొవ్వూ ఫెల్టూ ఎందుకుంటాయి అంటే అందరూ ఈ కథే చెప్పేవారు. కానీ రికార్డులు వేరే చెబుతున్నాయి. జర్మన్ గాలింపు దళమే ఆయన్ని కనుక్కుని సైనిక ఆసుపత్రికి చేర్చింది. విమానం కూలడం నిజం. గాయాలు నిజం. కొవ్వూ ఫెల్టూ తర్వాత అల్లుకున్న కథ.

బెల్జియం చిత్రకారుడు రెనే మాగ్రిత్‌కు పదమూడేళ్లప్పుడు, 1912లో, తల్లి నదిలో పడి చనిపోయింది. ఆయన బొమ్మల్లో గుడ్డ కప్పిన ముఖాలు కనిపిస్తే చాలు, విమర్శకులు ఆ నది దగ్గరికి వెళ్లిపోతారు. ఆ వివరణ ఆయనకే నచ్చేది కాదు.

ఇంకో సంగతి. నడివయసు దాటినవాళ్లను జ్ఞాపకాలు చెప్పమంటే పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువ చెబుతారు. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని రెమినిసెన్స్ బంప్ అంటారు. ఆ వయసు జ్ఞాపకాలే దట్టంగా ఉంటే, కారణం కోసం వెతికే చెయ్యి కూడా అక్కడికే వెళుతుంది. దొరికిందల్లా కారణం అనుకుంటాం.

ఇంతకంటే పెద్ద ఇబ్బంది ఒకటుంది. దెబ్బ తిని నిలబడ్డవాళ్ల కథలే మనకు వినిపిస్తాయి. వేళ్లు పోయి వాయించడం మానేసినవాళ్ల పేర్లు మనలో ఎవరికి తెలుసు?

అడుగు

వెనకబెంచీ గారి ఆఖరి వాక్యం చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. ఆ పేరు లేనివాళ్లలో నేనొకదాన్ని.

పదకొండేళ్లు నాట్యం నేర్చుకున్నాను. పద్దెనిమిదేళ్లప్పుడు ప్రాక్టీసులో మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ అయింది, నెలల తరబడి ఫిజియో చేయించారు. నడక వచ్చింది. మెట్లు ఎక్కగలిగాను. కానీ అరమండిలో కూర్చుంటే రెండు నిమిషాలకే కాలు వణికేది.

ఆ తర్వాతి రెండేళ్లూ నేను రోజూ విన్న పేరు నర్తకి సుధాచంద్రన్. మయూరిని చూడు, కాలు పోయినా నాట్యం చేసింది, నీకు కాలుంది కదా అనేవాళ్లు. ఆవిడ మీద నాకు ఎంత గౌరవమో మాటల్లో చెప్పలేను. 1981లో బస్సు ప్రమాదంలో కుడి కాలు పోగొట్టుకుని, జైపూర్ కృత్రిమ కాలు పెట్టుకుని, 1984లో మళ్లీ వేదిక ఎక్కిన మనిషి. తన కథతో తీసిన మయూరి సినిమాలో తానే నటించింది. నా వయసు అమ్మాయే కదా అని ఆ సినిమా ఎన్నిసార్లు చూశానో. కానీ ఆవిడ పేరును నా మీద కర్రలా వాడారు. నాకు బలం రాలేదు సరికదా, నేను చేతగానిదాన్ననే నమ్మకం కుదిరింది. గజ్జెలు అటక మీదకి వెళ్లిపోయాయి. ఇప్పుడు లెక్కలు చూసే ఉద్యోగం చేస్తున్నాను.

నాకు తగిలిన దెబ్బ నన్ను కళాకారిణిని చేయలేదు. నాట్యం ఆపింది, అంతే. ఇలాంటి చర్చల్లో ఈ మాట కూడా ఒకసారి వినిపించాలని రాస్తున్నాను.

వెనకబెంచీ

అడుగు గారూ, నేను వాదన కోసం ఆ ప్రశ్న వేశాను. మీరు జీవితంతో జవాబు చెప్పారు. థాంక్స్ అనడం కూడా చిన్న మాటే.

రంగుపెట్టె

అడుగు గారూ, మీ పోస్టు చదివి నా మొదటి పోస్టు మళ్లీ చదువుకున్నాను. "మారుస్తుంది, అనుమానం లేదు" అని తేలిగ్గా రాసేశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

చీకటిహాలు

రాత్రి ఈ చర్చంతా చదివాను. నాకు జపాన్ సినిమా దర్శకుడు కురొసావా గుర్తొచ్చాడు.

1923 సెప్టెంబర్ 1న టోక్యో ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. భూకంపంలోనూ దాని వెంట వచ్చిన మంటల్లోనూ లక్షమందికి పైగా చనిపోయారు. అకిరా కురొసావాకు అప్పుడు పదమూడేళ్లు. మంటలు చల్లారాక అన్న హెయిగో అతన్ని వెంటబెట్టుకుని ఆ శిథిలాల్లోకి తీసుకెళ్లాడు. ఎటు చూసినా శవాలు. పిల్లాడు ముఖం తిప్పుకున్నప్పుడల్లా, తిప్పుకోకు, సరిగ్గా చూడు అన్నాడు. ఆ రాత్రి పీడకలలు వస్తాయనుకుంటే పిల్లాడికి హాయిగా నిద్ర పట్టింది. ఎందుకలా అని అడిగితే, కళ్లు మూసుకుంటేనే భయం, ఎదురుగా చూస్తే భయపడడానికి ఏమీ ఉండదన్న అర్థంలో అన్న చెప్పాడట. ఇదంతా కురొసావా తన ఆత్మకథలో రాసుకున్నాడు.

హెయిగో మూకీ సినిమాలకు వ్యాఖ్యానం చెప్పే కళాకారుడు. టాకీలు వచ్చాక ఆ పని పోయింది. 1933లో చనిపోయాడు. చిత్రకారుడు కావాలనుకున్న తమ్ముడు 1936లో సినిమా కంపెనీలో అసిస్టెంటు డైరెక్టరుగా చేరాడు.

ఆ భూకంపాన్ని చూసిన పదమూడేళ్ల పిల్లలు టోక్యోలో వేలమంది ఉండి ఉంటారు. వాళ్లందరికీ అదే భూకంపం, అవే మంటలు. పక్కన నిలబడి "తిప్పుకోకు, చూడు" అన్న అన్నయ్య మాత్రం అందరికీ లేడు.

ఇది తట్టాక పైన ఉన్న పోస్టులన్నీ మళ్లీ చదివాను. మతీస్ పక్కన రంగుల పెట్టెతో తల్లి ఉంది. జాంగో పక్కన గిటార్‌తో తమ్ముడు ఉన్నాడు. ఫ్యాక్టరీ కుర్రాడి దగ్గరికి రికార్డు పట్టుకుని ఒక పైఅధికారి వచ్చాడు. మనం దెబ్బ గురించే మాట్లాడుకుంటున్నాం, పక్కనున్న మనిషిని వదిలేస్తున్నాం.

రంగుపెట్టె

చీకటిహాలు గారూ, మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో విషయంలోనూ అంతే! 1925 సెప్టెంబర్ 17న ఆమె ఎక్కిన బస్సును ట్రామ్ గుద్దింది. పద్దెనిమిదేళ్లు. డాక్టరు కావాలన్నది ఆమె కోరిక. వెన్నెముక, కటి ఎముక విరిగి నెలల తరబడి కదలకుండా పడుకోవాల్సి వచ్చింది. పడుకునే బొమ్మలు వేసుకోవడానికి తల్లి ప్రత్యేకంగా ఈజిల్ చేయించింది. ఫొటోగ్రాఫర్ అయిన తండ్రి తన ఆయిల్ రంగులు ఇచ్చాడు. మంచం పైన అద్దం బిగించారు. రోజంతా ఎదురుగా కనిపించే ముఖం తనదే. ఆమె వేసిన బొమ్మల్లో స్వీయచిత్రాలే అన్ని ఎందుకు ఉన్నాయో అక్కడే కొంత తెలుస్తుంది.

ఎన్నోసార్లు చెప్పాను ఈ కథ. ప్రతిసారీ బస్సు గురించే చెప్పాను. అద్దం బిగించిన చేతుల గురించి ఎప్పుడూ చెప్పలేదు.

కాగితప్పడవ

రాతలో ఇంకో రకం ఉంటుంది. పక్కన ఎవరూ లేకపోవడమే గాయమై, అదే ఏళ్లకేళ్లు పనిచేయడం.

ఇంగ్లిష్ నవలాకారుడు చార్లెస్ డికెన్స్‌కు పన్నెండేళ్లప్పుడు, 1824లో, తండ్రి అప్పుల కింద జైలుకెళ్లాడు. పిల్లాణ్ణి బూటు పాలిష్ తయారుచేసే చోట పనిలో పెట్టారు. సీసాలకు లేబుళ్లు అంటించాలి, వారానికి ఆరు షిల్లింగులు. అదే కాలంలో అక్క రాయల్ అకాడమీలో సంగీతం చదువుకుంటోంది. తండ్రి విడుదలయ్యాక కూడా తల్లి అతన్ని ఆ పనిలోనే ఉంచాలనుకుంది. అది ఆయన జన్మలో మరిచిపోలేదు.

ఈ సంగతి ఆయన దాదాపు ఎవరికీ చెప్పలేదు. ఇది జరిగిన ఇరవై ఏళ్లకు పైగా తర్వాత స్నేహితుడు జాన్ ఫోర్‌స్టర్‌కు చెప్పాడు. 1849లో మొదలుపెట్టిన డేవిడ్ కాపర్‌ఫీల్డ్ నవలలో తన పేరు లేకుండా వాడుకున్నాడు. అది ఆయన సొంత కథేనని పాఠకులకు తెలిసింది మాత్రం ఆయన పోయాక, ఫోర్‌స్టర్ రాసిన జీవిత చరిత్రతోనే.

ఇది వెనకబెంచీ గారి అనుమానానికి కూడా కొంత జవాబనుకుంటాను. బోయిస్ కథ నలుగురికీ చెప్పడానికి పుట్టింది. డికెన్స్ తన కథను దాచుకున్నాడు. దాచుకున్నా సరే, దిక్కులేని పిల్లలూ అప్పుల జైళ్లూ పుస్తకం తర్వాత పుస్తకంలో వస్తూనే ఉన్నాయి. ఒక అనుభవం నిజంగా పనిచేసిందో లేదో ఇంటర్వ్యూలో చెప్పినదాంట్లో కాదు, పనిలో వెతకాలి. వినికిడి గారూ, మీ రికార్డింగులు వినండి. ఆ ఏడాది వాటిలో ఉందా?

ఆరో తీగ

అన్నీ ప్రమాదాలూ జబ్బులేనా? సంతోషం కూడా అనుకోకుండానే వస్తుంది కదా.

హిందుస్తానీ గాయకుడు భీంసేన్ జోషీ పదకొండేళ్లప్పుడు మరో గాయకుడు అబ్దుల్ కరీం ఖాన్ రికార్డు ఒకటి విన్నాడు. ఝింఝోటీ రాగంలో ఠుమ్రీ పాట. అలా పాడాలి అని పట్టుకుంది. 1933లో గురువును వెతుక్కుంటూ ఇల్లు వదిలి రైళ్లెక్కి వెళ్లిపోయాడు. గ్వాలియర్, ఇంకా ఎక్కడెక్కడో తిరిగాడు. చివరికి తండ్రి జలంధర్‌లో కనుక్కుని వెనక్కి తెచ్చాడు. ఆ తర్వాత సవాయి గంధర్వ దగ్గర చేరాడు. సవాయి గంధర్వ అబ్దుల్ కరీం ఖాన్ శిష్యుడే. ఒక్క రికార్డు అతన్ని అంత దూరం తిప్పి మళ్లీ ఆ గొంతు ఇంటికే చేర్చింది.

ఉదయ్ శంకర్ లండన్‌లో చిత్రలేఖనం చదువుతున్నాడు. రష్యన్ బాలే నర్తకి ఆనా పావ్లోవా భారతీయ ఇతివృత్తాలతో నృత్యాలు చేయాలనుకుని అతన్ని పిలిచింది. 1923లో ఆమెతో రాధాకృష్ణుల నృత్యం చేశాడు. చిత్రకారుడు నర్తకుడైపోయాడు. ఇందులో ఎవరికీ దెబ్బ తగల్లేదు.

డ్రాయింగ్ మాస్టారు

ఇరవై ఆరేళ్లుగా పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నాను. చీకటిహాలు గారు చెప్పింది నా అనుభవంలో నిజం. కానీ ఒక మాట కలపాలి. పక్కన మనిషి ఉంటే చాలదు, ఏం ఇస్తున్నాడన్నది ముఖ్యం.

అడుగు గారి చుట్టూ మనుషులు ఉన్నారు. వాళ్లు ఇచ్చింది పోలిక. మతీస్ తల్లి, ఫలానా వాడు మంచంలో ఉండి గొప్పవాడయ్యాడు చూడు అనలేదు. పెట్టె ఇచ్చి ఊరుకుంది. అది వాడితే వాడొచ్చు, లేకపోతే లేదు. ఒకసారి నా క్లాసులో ఒక పిల్లాడు తండ్రి పోయాక నెల రోజులు వచ్చి ఊరికే కూర్చునేవాడు. బాధను బొమ్మలో పెట్టు అని చెప్పాను. మరుసటి రోజు నుంచి రాలేదు. మంచి మాటే చెప్పాననుకున్నాను. ఇప్పటికీ ఆ ఖాళీ కుర్చీ గుర్తుంది. ఆ తర్వాత ఎవరికీ అలా చెప్పలేదు. కాగితం పక్కన పెట్టి నా పని నేను చూసుకుంటాను.

వినికిడి గారూ, మీ కథకు దగ్గరగా ఉన్నది కుమార్ గంధర్వ జీవితం. చిన్నప్పుడే పేరు తెచ్చుకున్న గాయకుడు. ఇరవై మూడేళ్లప్పుడు, 1947లో, క్షయ వచ్చింది. పాడితే ప్రాణానికి ముప్పన్నారు. మధ్యప్రదేశ్‌లోని దేవాస్‌లో మంచం మీద ఏళ్లు గడిచాయి. భార్య భానుమతి దగ్గరుండి చూసుకుంది. పాడలేడు కాబట్టి విన్నాడు. దారిన పోయే సాధువులు పాడే నిర్గుణ భజనలు, మాల్వా జానపదాలు. క్షయకు స్ట్రెప్టోమైసిన్ మందు వచ్చాక కోలుకుని 1953లో మళ్లీ కచేరీ చేశాడు. ఒక ఊపిరితిత్తి పాడైపోయింది. అందుకే చిన్న చిన్న పలుకులుగా, విరిచి విరిచి పాడేవాడు. ఆయన పాడిన కబీర్ వింటే ఆ మంచమూ ఆ దారీ వినిపిస్తాయి.

వినికిడి

రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. కాగితప్పడవ గారు అడిగారని పాత రికార్డింగులు తీసి విన్నాను.

మొదటి ఫైలులో పంపు నుంచి నీళ్లు కారుతున్నాయి. నలభై సెకన్ల దగ్గర ఒక గొంతు, "ఇంకొంచెం దగ్గర పెట్టు" అంటుంది. మా అన్నయ్యది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రికార్డరు వాడిది. కాలేజీలో పాఠాలు రికార్డు చేసుకోవడానికి కొనుక్కున్నాడు. నేను మాట్లాడకూడని ఆ రెండు వారాల్లో నాకు ఏం కావాలో రికార్డు చేసి వినిపించమని తెచ్చి ఇచ్చాడు. ఆకలేస్తే పళ్లెం చప్పుడు, ఫ్యాన్ వేయమంటే స్విచ్ చప్పుడు. ఇద్దరికీ అదొక ఆట. ఇన్నేళ్లలో ఇది ఎవరికీ చెప్పలేదు. నిజానికి నాకే గుర్తులేదు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఆ ఏడాదిలో ఎక్కువ భాగం నేను వినలేదు. ఏడ్చాను, పడుకున్నాను, పాట వినిపిస్తే గది తలుపు వేసుకున్నాను. రికార్డింగులన్నీ కలిపితే మూడు గంటలు కూడా లేవు.

మళ్లీ రాశాను, చూడండి:

"పదిహేడో ఏట గొంతుకు ఆపరేషన్ అయి పాట ఆగిపోయింది. మాట్లాడకూడని రోజుల్లో మా అన్నయ్య తన రికార్డరు నాకిచ్చాడు. అప్పుడే నాకు చప్పుళ్ల మీద ఇష్టం మొదలైంది. మొదటి ఏడాది మూడు గంటల శబ్దం రికార్డు చేశాను. ఆ పని పనిగా మారడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. ఇప్పటికీ పాట అంటే బాధే."

కాగితప్పడవ

ఇది మీరు రాసినట్టుంది. మొదటిది ఎవరైనా రాయగలరు.

అడుగు

"ఇప్పటికీ పాట అంటే బాధే" అన్న వాక్యం తీసేయమని ఎవరైనా అంటే వినకండి. నాకు ఆ వాక్యం చాలా అవసరమైంది.

వెనకబెంచీ

చాలా బాగుంది. ఒక్కటే సూచన. మూడో వాక్యంలో "అప్పుడే" అన్న మాట అక్కర్లేదేమో. ఆ ఏడాదిలో ఎక్కువ భాగం వినలేదన్నారు కదా.

వినికిడి

ఆ వాక్యం మొత్తం తీసేశాను. రికార్డరు దగ్గర్నుంచి నేరుగా మూడు గంటలకు వెళ్లిపోయాను. ఇప్పుడే అన్నయ్యకు చదివి వినిపించాను. ఆ రికార్డరు బ్యాటరీ మూత విరిగితే దారంతో కట్టాం, అది కూడా రాయమంటున్నాడు.